వేట నిషేధం: ఊళ్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పంట చేతికొచ్చే నెలల్లో అడవి పందులు పొలాల మీద పడుతుంటే "వేటకు పర్మిషన్ ఇచ్చేస్తే పీడా పోతుంది" అనే మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పంట కాపాడుకోవడం రైతు అవసరం. సరదాకి తుపాకీ పట్టుకు తిరగడం వేరే సంగతి. ఈ రెండూ కలిసిపోకుండా చూడటమే నిషేధం నిలవాలని కోరేవాళ్ల అసలు పని.

అపోహ: లైసెన్సు తుపాకీ ఉంటే కుందేలునో కౌజునో కొట్టుకోవచ్చు.

వాస్తవం: తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో వాటిని తీసేశారు. సరదా వేటకు అనుమతి ఇచ్చే అధికారం ఇప్పుడు ఏ అధికారికీ లేదు.

అపోహ: జంతువు చస్తేనే కేసు.

వాస్తవం: ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, ఎర వేయడం, తరమడం, పట్టుకోవడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. ఉచ్చు చాలాసార్లు బైకు క్లచ్ వైరుతో చేసిందే ఉంటుంది. కంచెలో జంతువులు దూరే సందు దగ్గర, ఒక కొస చెట్టు మొదలుకు కట్టి కనిపిస్తుంది. పంది కోసం పెట్టినా అందులో చిరుత పడొచ్చు, పులీ పడొచ్చు. కనిపిస్తే పీకేయకండి. ఫొటో, ఫోన్లో లొకేషన్ తీసుకుని అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. పంచనామా జరిగితేనే ఆ వైరు సాక్ష్యంగా నిలుస్తుంది. జంతువు ప్రాణంతో చిక్కి ఉంటే దగ్గరికి వెళ్లొద్దు, జనాన్నీ పోనివ్వొద్దు. ఉచ్చు కరెంటు తీగైతే ముందు లైన్‌మన్‌తో సరఫరా ఆపించాలి. మోటారు దగ్గర్నుంచి లాగిన ఇలాంటి తీగలకు మనుషులూ బలవుతున్నారు.

అపోహ: కూర వండేశాక ఏ మాంసమో తేలదు.

వాస్తవం: తేలుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ వన్యప్రాణి ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్షతో జాతిని గుర్తిస్తారు. ఉడికిన మాంసం నుంచీ డీఎన్‌ఏ తీయొచ్చు. కేసులు తరచూ దెబ్బతినేది నమూనా దగ్గరే: దాన్ని ఆల్కహాల్‌లో ఉంచాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడైపోతుంది. ఉడుము, నెమలి, కృష్ణజింక చట్టంలోని మొదటి షెడ్యూల్లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. వాటిని వేటాడితే కనీసం 3 ఏళ్ల జైలు, 7 ఏళ్ల దాకా పడొచ్చు.

అపోహ: పండగ వేటకు మినహాయింపు ఉంది.

వాస్తవం: లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను స్పష్టంగా మినహాయించింది. తిరుమలలో కనుమ నాటి పారువేట ఉత్సవంలో ఏ జంతువుకూ హాని జరగదు. వేట ఘట్టాన్ని అభినయించి చూపిస్తారంతే.

అపోహ: వేట లేకపోతే పందులు పెరిగిపోతాయి.

వాస్తవం: పందిని, దుప్పిని తినే పులి, చిరుత ఉన్నచోట ఆ పని అవే చేస్తాయి. ఒక పులికి ఏడాదికి దుప్పి సైజు జంతువులు 50 దాకా కావాలి. ఆ దుప్పుల్ని, పందుల్ని మనమే ఖాళీ చేస్తే పులి పశువుల మంద మీదికి వస్తుంది. రాజుల వేట వల్ల అడవికేమీ కాలేదనే వాళ్లు చీతా సంగతి గుర్తుచేసుకోవాలి. 1947లో కొరియా సంస్థానంలో (నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది) మూడింటిని కాల్చారు, 1952లో దేశంలో అంతరించిందని ప్రకటించారు.

రైతు నష్టం నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగేసి వరుసలు వేస్తే పంది లోపలికి రావడం తగ్గుతుంది. సోలార్ ఫెన్సింగ్‌లో ఎనర్జైజర్ (తీగలకు కరెంటు పంపే పెట్టె) క్షణకాలం షాకులు మాత్రమే ఇస్తుంది. జంతువు బెదిరిపోతుంది, చావదు. తీగలకు గడ్డి తగిలితే షాకు బలం పడిపోతుంది కాబట్టి కింద ఎప్పటికప్పుడు కోయాలి.

అపోహ: పందిని 'వర్మిన్'గా (పంటకు హాని చేసే జంతువుగా) ప్రకటిస్తే వేటకు గేట్లు తెరిచినట్టే.

వాస్తవం: వన్యప్రాణి చట్టం 62వ సెక్షన్ కింద ఆ ప్రకటన కేంద్రం చేయాలి, అదీ ఫలానా ప్రాంతానికి, ఫలానా గడువుకు మాత్రమే. మొదటి షెడ్యూల్ జంతువులకు అది వర్తించదు. అలాంటి ప్రతిపాదన వస్తే అభ్యంతరం రాసేవాళ్లు ఒట్టి ఆవేదన రాస్తే చాలదు, ఈ ప్రశ్నలు అడగాలి: ఏ మండలాల్లో ఎంత నష్టం నమోదైంది? గడువెంత? తుపాకీతో కాల్చేదెవరు? ప్రతి కళేబరాన్నీ లెక్క రాసి పూడ్చడం, దహనం చేయడం ఎవరి బాధ్యత? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని అనుమతి మాంసం అమ్మకానికి దారి తీస్తుంది.