ఓదార్పునిచ్చే నమ్మకాన్ని ప్రశ్నించాలా? పాత పేచీ వెనుక కథ

దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆసరాగా నిలిచిన నమ్మకాన్ని నిజం పేరుతో కదిలించవచ్చా? ఈ పేచీ ప్రాచీన గ్రీకుల నాటి నుంచీ ఉన్నదే. బాగా ముదిరింది మాత్రం 19వ శతాబ్దపు బ్రిటన్‌లో.

1860 సెప్టెంబర్‌లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ కొడుకు నోయెల్ స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయాడు. నాలుగేళ్లు కూడా నిండలేదు. మతగురువు చార్లెస్ కింగ్స్‌లీ ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. దానికి హక్స్‌లీ ఇచ్చిన జవాబు చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మరణానంతర జీవితం ఉందనీ అనను, లేదనీ అనను, నా మనసు కోరుతోంది కదా అని మాత్రం నమ్మలేనన్నాడు. చనిపోయినవాళ్లు తిరిగి లేవకపోతే తిని తాగి గడిపేద్దాం అనే బైబిల్ వాక్యం అంత్యక్రియల్లో వినిపించినప్పుడు నిర్ఘాంతపోయానని కూడా రాశాడు. బిడ్డ మీది ప్రేమకు పరలోకం హామీ దేనికన్నది ఆయన బాధ. ఆ నిక్కచ్చితనం ఆయన తన దుఃఖం విషయంలో పాటించినది. ఇది మరచిపోకూడదు.

డార్విన్ దారి వేరు. ఆయన భార్య ఎమ్మాకు దైవభక్తి ఎక్కువ. భర్తకు ఆ నమ్మకం లేకపోవడంతో, చనిపోయాక ఆయనకు శాశ్వతంగా దూరమవుతానేమోనని ఆమె దిగులు. మతం మీద సూటిగా దాడి చేస్తే జనంలో పెద్దగా ఫలితం ఉండదనీ, సైన్స్ పెరిగేకొద్దీ ఆలోచనలు మెల్లగా మారతాయనీ 1880లో డార్విన్ ఒక ఉత్తరంలో రాశాడు. ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారన్న బెంగ కూడా తన మౌనానికి కారణమై ఉండవచ్చని ఒప్పుకున్నాడు.

1877లో గణితవేత్త విలియం క్లిఫర్డ్ రాజీ లేదన్నాడు. ఆయన చెప్పిన ఉదాహరణలో ఓడ యజమాని పాత ఓడకు ఏమీ కాదని తనకు తానే నచ్చజెప్పుకుంటాడు. ఓడ ప్రయాణికులతో సహా మునుగుతుంది. ఆధారం లేకుండా నమ్మడమే తప్పని క్లిఫర్డ్ తీర్పు. సాక్ష్యం ఎటూ తేల్చలేని ప్రశ్నల్లో, తప్పించుకోలేని ఎంపిక ఎదురైనప్పుడు, మనసు మాట వినే హక్కు మనిషికి ఉందని 1896లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ బదులిచ్చాడు.

నాకు ఆ ఓడ ఉదాహరణే దారి చూపిస్తుంది. జబ్బు పడిన పిల్లకు వైద్యం మాన్పించే నమ్మకమైతే మొహమాటం లేకుండా అడ్డుపడాల్సిందే, ఎందుకంటే మునిగేది ఆ పిల్ల. పోయిన బిడ్డను మళ్లీ చూస్తానని నమ్మే తల్లి దగ్గరకు వాదన మోసుకెళ్లడం మాత్రం నాకు క్రూరంగానే తోస్తుంది. తనే అడిగితే అబద్ధం చెప్పను.