పేరు చదవని చదివింపు

విజయనగరం

చిరంజీవులు చిట్టికీ, బుజ్జిగాడికీ తాత ఆశీస్సులు.

మీరు శ్రీకాకుళం బస్సెక్కి వారమైంది. ఇల్లు బోసిపోయింది, అరిసెల డబ్బా కూడా. విజయనగరం ఉత్సవాల రాత్రి కోట దగ్గర జనంలో బుజ్జిగాడు నా భుజం మీద కూర్చుని ఒక మాటడిగాడు. "తాతా, టికెట్ లేదు కదా, మరి ఈ తప్పెటగుళ్ళ ఆట ఆడేవాళ్ళకి డబ్బులెవరిస్తారు?" ఆ హోరులో "గవర్నమెంటురా" అనేసి తప్పించుకున్నాను. పడుకున్నాక నాకే నచ్చలేదు. గవర్నమెంటు అంటే ఎక్కడో కూర్చుని జేబులోంచి తీసిచ్చే మేనమామా?

అందుకని ఈ ఉత్తరం. సభలు, శాఖలు, నిధులు అని మొదలుపెడితే మీకు నిద్రొస్తుంది, నాకు ముందే వస్తుంది. పెళ్ళి సంగతి చెబుతాను.

మీ పిన్ని పెళ్ళిలో మండపం పక్కన నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్న పెద్దాయన గుర్తున్నాడా? ఎవరొచ్చి డబ్బిచ్చినా రాసుకుని, మైకులో "ఫలానా ఊరి ఫలానా వారు నూట పదహార్లు" అని చదివేవాడు. అవే చదివింపులు. పెళ్ళి ఖర్చు పెళ్ళివారి ఒక్కరి మీదే పడకుండా చుట్టాలూ స్నేహితులూ తలో చెయ్యీ వేస్తారు. ఊళ్ళో జరిగే పండగలూ, పిల్లల బొమ్మల పోటీలూ, నాటకాలూ కూడా అలాంటి చదివింపులతోనే నడుస్తాయి. సర్కారు ఇచ్చేది కొంత, దాతలిచ్చేది కొంత. సర్కారు ఇచ్చేది మాత్రం ఎవరిది? మీ నాన్న కట్టే పన్నూ, మీరు కొనే బిస్కెట్ ప్యాకెట్టు మీద పన్నూ అందులోవే. కాకపోతే మన పేరు మైకులో చదవరు. అంతే తేడా.

ఇంకా చెప్పాలంటే ఆ నోటు పుస్తకమే బడ్జెట్. పెద్దాయన కమిషనరు గారు. కూరలో ఉప్పు తక్కువైందని సణిగే చుట్టాలు మనమందరమూ. మరి పెళ్ళికూతురెవరు అని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. అక్కడ నాకూ కొంచెం తడబాటుగానే ఉంది. ముందుకు పోదాం.

నాకు మీ ఈడప్పుడు మా ఊరికి ఎండాకాలంలో తప్పెటగుళ్ళ జట్టు వచ్చేది. గజపతినగరం పక్క పల్లె మాది. రామకోవెల ముందు పెట్రోమాక్స్ లైటు పెడితే గుంటలమందరం గడ్డివాము ఎక్కి చూసేవాళ్ళం. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట గుండెకి ఆనించి కట్టుకుంటారు. రెండు చేతులతో దాన్ని వాయిస్తూ ఎగిరితే కాళ్ళ గజ్జెలు, తప్పెట, పాట మూడూ ఒక్కసారే నేలకి దిగేవి. దుమ్ము లేచి లైటు చుట్టూ ఎర్రగా తిరిగేది. మధ్యలో ఆట ఆపి, ఎవరెంత ఇచ్చారో జట్టు పెద్ద గట్టిగా చెప్పేవాడు. రెండు రూపాయలిచ్చిన వాళ్ళ పేరు రెండుసార్లు.

మా అమ్మ చేటలో బియ్యం తీసుకెళ్ళి వాళ్ళ సంచిలో పోసింది. నేను చివరిదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మా పేరు రాలేదు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. అమ్మ నవ్వి, "బియ్యానికి పేరేంట్రా, పొద్దున్నకి అన్నమైపోతాయి" అంది.

ఆ మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. మన ఊళ్ళో సంగీత కళాశాల చూపించాను కదా, 1919లో మహారాజా వారు పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. పెట్టింది రాజు, ఇప్పుడు నడిపేది ప్రభుత్వం. అక్కడికి సంగీతం నేర్చుకుందామని ఒక కుర్రాడు వచ్చాడు. చేతిలో డబ్బుల్లేవు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. మరి తిండి? జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తాడు. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. మామ్మ పొద్దున్నే పెట్టుకునే పాటల్లో ఆ గొంతే ఉంటుంది. ఈ ఊరి వీధుల్లో ఏ ఇల్లాలు ఆయన జోలెలో ఎన్ని ముద్దలు వేసిందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇక ఏమీ వివరించబుద్ధి కాదు.

అన్నట్టు, చిట్టీ, "కాలువ బాగు చెయ్యకుండా డాన్సులెందుకు" అని మీ నాన్న అన్నాడన్నావు. తప్పేం లేదు, అడగాల్సిందే. చదివించిన వాడికి లెక్కడిగే హక్కుంది. కాలువా అడగాలి, పాటా అడగాలి. ఒకటడిగితే రెండోది మానేయాలని ఎక్కడా లేదు.

మీరు చూసింది మంచి రాత్రి. అన్నీ అలా ఉండవు. కొన్నేళ్ళ కిందట ఒక చోట పిల్లల ప్రోగ్రాం అంటే వెళ్ళాను. ఆరింటికన్నారు. ముఖ్య అతిథి రాలేదని ఎనిమిదిదాకా ఆపారు. వచ్చాక శాలువాలు, మెమెంటోలు, ప్రసంగాలు. కూచిపూడి వేషం వేసుకున్న ఒక పిల్ల తెర పక్కన కుర్చీలోనే నిద్రపోయింది, కాటుక చెంపమీదికి జారింది. వాళ్ళమ్మ తడి రుమాలుతో తుడుస్తుంటే, స్టేజీ మీద ఒకాయన కళల్ని కాపాడుకోవాలని చెబుతున్నాడు. పెద్దయ్యాక మీరెవరైనా ముఖ్య అతిథి అయితే, టైముకి వెళ్ళి రెండు ముక్కలు చెప్పి దిగండి. నా మాటగా గుర్తుంచుకోండి.

పెళ్ళి పోలిక ఒక్కచోట సరిపోదని రాస్తూ ఉంటే తెలిసింది. పెళ్ళిలో చదివించి, తిని, వచ్చేస్తాం. ఇక్కడ స్టేజీ ఎక్కాల్సింది కూడా మనమే. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మీ ఊరి లైబ్రరీలో బొమ్మలు, వ్యాసాలు, పాటలు అని ఏదో ఒక పోటీ పెడతారు. వెళ్ళి పేరివ్వండి. బహుమతి గురించి టెన్షన్ వద్దు, రంగు పెన్సిళ్ళు మరిచిపోకండి.

ఇంకొక పని. నాన్ననడిగి ఇంటి పన్ను రసీదు తీయించండి. అందులో గ్రంథాలయానికి అని విడిగా ఒక అంకె ఉంటుంది. మన రాష్ట్రంలో ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన వసూలు చేస్తారు. మీ ఇంటిది ఎంతో బుజ్జిగాడు లెక్క కట్టి నాకు రాయాలి, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయకుండా. మన ఇంటి రసీదు నేనూ బీరువాలోంచి తీశాను. ఆ అంకె కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ తాత