టాక్సీ డ్రైవర్ల వైద్య పరీక్ష: అపోహలు, వాస్తవాలు

రవాణా వాహన లైసెన్సును 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకునేటప్పుడు వైద్యుడు ఫారం 1ఏ పూరించి సంతకం చేయాలి. ఆ సంతకం కోసం నా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో చాలామందికి పరీక్ష కన్నా పరీక్ష గురించి విన్న మాటలే ఎక్కువ భయం పెడుతుంటాయి.

అపోహ: చార్టులో అక్షరాలు చదివేస్తే కంటి పరీక్ష అయిపోయినట్టే.

ఫారంలో చార్టు ఊసే లేదు. మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును పోల్చుకోగలరా అన్నదే ప్రశ్న. ఒక పెద్దాయన చార్టును చివరి వరుస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. అనుమానం వచ్చి బయటికి తీసుకెళ్లి, 33 అంగలు కొలిచి, ఎదురుగా ఆగి ఉన్న ఆటో నంబరు చదవమంటే "టీఎస్" దగ్గరే ఆగిపోయారు. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ముందువాళ్లు చదువుతుంటే విని అక్షరాలు బట్టీ పట్టారట! అద్దాలు పెట్టుకుంటే లైసెన్సు పోతుందని ఆయన భయం. నిజానికి దృష్టిలోపం ఉంటే దానిని అద్దాలతో సరిచేశారా అని ఫారమే అడుగుతుంది. రేచీకటి గురించి వేరుగా ఇంకో ప్రశ్న ఉంది. రాత్రి ట్రిప్పులు వేసేవారు దానికి ఆలోచించి జవాబు చెప్పాలి.

అపోహ: ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో తికమక ఉంటే లైసెన్సు రాదు.

2020 జూన్‌లో కేంద్రం నిబంధనలను సవరించింది. లోపం స్వల్పంగానో మధ్యస్థంగానో ఉంటే లైసెన్సు ఇవ్వవచ్చు, తీవ్రంగా ఉంటే కుదరదు.

అపోహ: షుగర్ ఉందని చెబితే పొట్ట మీద కొట్టినట్టే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. షుగర్ ఉన్నంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. అయితే ఏ కారణం వల్లనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అని డ్రైవరు స్వయంగా పూరించే ఫారం 1 అడుగుతుంది. షుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ తీసుకుని, బుకింగ్ వచ్చిందని అన్నం తినకుండా బండెక్కేవారికి మాత్రం స్టీరింగ్ ముందే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు మసకబారవచ్చు. అప్పుడు బండి పక్కకు ఆపి గ్లూకోజో పంచదారో నోట్లో వేసుకోవాలి. ఒంట్లో కుదురుకున్నట్టు అనిపించగానే తాళం తిప్పకుండా, ఏదైనా తిని, ముప్పావు గంటైనా ఆగాలి. ఈ మాటలన్నీ చెప్పాలంటే ముందు ఆ డ్రైవరు ఏ మాత్రలు మింగుతున్నారో నాకు తెలియాలి కదా.

అపోహ: మామూలు కారు లైసెన్సుతోనే టాక్సీ నడపవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పరీక్ష అక్కర్లేదు.

7,500 కిలోల లోపు వాహనాల విషయంలో 2024 నవంబరు తీర్పు ఆ మాట చెప్పింది నిజమే. కానీ 40 ఏళ్లు దాటినవారు ఏ లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నా ఫారం 1ఏ తప్పదు.

అపోహ: ఒకసారి సంతకం పడితే 5 ఏళ్ల దాకా దిగులు లేదు.

నా సంతకం ఆ రోజు నేను చూసిన మనిషి గురించి మాత్రమే. ప్రజలకు ప్రమాదం తెచ్చే జబ్బు ఉందని తెలిసీ బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద మొదటిసారి 1,000, మళ్లీ పట్టుబడితే 2,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. కాబట్టి మధ్యలో ఫిట్స్ వచ్చినా, గుండెనొప్పి వచ్చినా రెన్యువల్ తేదీ కోసం చూడకుండా ఆ వారంలోనే వైద్యుడిని కలవాలి, ఆయన సరేననే దాకా తాళాలు ఇంట్లోనే ఉంచాలి.