నడిచే టూ స్ట్రోక్ బండిని తూకానికి వేయకండి బాబూ

మొన్న గోదావరి లంక నుంచి ఒకాయన ట్రాలీ ఆటోలో యెజ్డీ (పెట్రోల్‌లో ఆయిలు కలిపి నడిపే పాత టూ స్ట్రోక్ మోటార్ సైకిల్) వేసుకుని నా మెకానిక్ షెడ్డుకొచ్చాడు. వాళ్ల నాన్నగారి బండట. గట్ల మీద, తోటల్లో తిరగడానికి రెండు సైలెన్సర్లూ పైకెత్తించి, వెడల్పు హ్యాండిల్, బటన్ టైర్లు వేయించి అప్పట్లోనే స్క్రాంబ్లర్‌లా చేయించుకున్నారు పెద్దాయన. రెండో కిక్కుకే అందుకుంది. నేను ముచ్చట పడి చూస్తుంటే ఈయనేమో "తూకానికి వేస్తే ఎంతొస్తుందండీ" అంటాడు. పాత ఇనుము కొనేవాడు మూడు వేలిస్తానన్నాడట. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, ఆయన ఫోన్‌లో చూసిన వీడియో మీద.

నెలకి నలుగురైనా అలాంటి వీడియోల మాటే పట్టుకుని వస్తారు: పదిహేనేళ్లు దాటితే బండి స్క్రాపేనట, టూ స్ట్రోక్ బాన్ చేశారట, రోడ్డెక్కితే పట్టుకుపోతారట.

ఆ పదిహేనేళ్ల ఆంక్ష పుట్టింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం కోసం. పెట్రోల్ బళ్లకి పదిహేనేళ్లు, డీజిల్‌కి పదేళ్లు అన్న ఆ హద్దుని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అది అక్కడి గాలి గొడవ, కోనసీమకి దానితో పని లేదు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్లు తీసేస్తున్నది కూడా ప్రభుత్వ ఆఫీసులవి. 2021 స్క్రాప్ పాలసీ చూసేది ఫిట్‌నెస్‌ని, వయసుని కాదు. మన సొంత బండికి సి బుక్కు (రిజిస్ట్రేషన్ కాగితం, ఆర్‌సీ) మొదట పదిహేనేళ్లు నడుస్తుంది, ఆ తర్వాత ఫారం 25 అనే రెన్యువల్ దరఖాస్తు పెట్టి, బండి చూపించి, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువుకి అరవై రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. ఆలస్యమైతే రుసుము పడుతుంది, గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది, 2025లో ఇరవై ఏళ్లు దాటిన బళ్లకి ఫీజు కూడా పెంచారు. నొప్పే, కాదనను. కానీ రెన్యువల్ అయిన బండికీ, కాగితం చచ్చిన బండికీ వచ్చే రేటులో తేడా ముందు ఈ ఫీజు ఎంత? ఇది తెలిసిన బ్రోకరే మీ దగ్గర భయం పెట్టి ఇనుము రేటుకి లాక్కెళ్లి, తను రెన్యువల్ చేయించి అమ్ముకుంటాడు. పోయినేడు పాలకొల్లు వైపు ఒకావిడ భర్త పోయాక ఆయన యమహా ఆర్ఎక్స్ 100 బండి అలాగే ఇచ్చేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి "తప్పు చేశానా తమ్ముడూ" అంటే ఏం చెప్పను? యజమాని చనిపోతే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి, అక్కా, కంగారేం లేదు, అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక "వింటేజ్ కదా, లక్షలొస్తాయి" అనేవాళ్లు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండి. ఆర్ఎక్స్ 100 మన దేశంలో మొదలైందే 1985లో. పైగా వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ తిరగడానికి వీల్లేదు.

టూ స్ట్రోక్ బండికి పొగ వస్తే ఇంజన్ పోయినట్టు కాదు, పెట్రోల్‌తో పాటు ఆయిలు కాలుతుంది కాబట్టి కొంత పొగ మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా కమ్మేస్తూ, గేర్ బాక్స్ ఆయిలు తరిగిపోతుంటే మాత్రం క్లచ్ వైపు క్రాంక్ సీల్ (ఆయిలు ఇంజన్‌లోకి పోకుండా ఆపే రింగు) చూపించండి.

స్టార్టయితే రన్నింగ్ కండిషన్ అయిపోదు. మన ఉప్పు గాలికి ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో సీళ్లు ఎండుతాయి, గాలి లాగుతుంది, పెట్రోల్ మిక్స్చర్ పలచబడి పిస్టన్ బిగుసుకుని పట్టేస్తుంది. ఒక కుర్రాడికి అలాగే సిద్ధాంతం వంతెన మీద పట్టేసింది, వెనక లారీ, నాకు ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడే. ఇరవై కిలోమీటర్లు నడిపి చూశాకే నడిచే బండి అని చెప్పండి.

రంగు కొట్టించొద్దు. ఇంజన్ నంబరు మీద గ్రైండర్ అస్సలు పెట్టనీయొద్దు.

"డబ్బు తీసుకుని సంతకాలు చేసిచ్చా, నా పని అయిపోయింది" అంటే కాలేదు. కొన్నవాడు మన రాష్ట్రం వాడే అయినా అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకి (రవాణా ఆఫీసుకి) తెలపాలి. పేరు మారకుండా బండి నాలుగు చేతులు మారి ప్రమాదం చేస్తే నష్టపరిహారం సి బుక్కులో పేరున్నవాడి మెడకే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి పంపకండి, కొన్నవాడితో పాటే వెళ్లి పేరు మార్పించండి.

లంక ఆయనకి ఇదంతా చెబితే "ఆయ్, అయితే అమ్మనండీ" అన్నాడు, వారం పోయాక మళ్లీ వచ్చి అమ్ముతానన్నాడు. రెన్యువల్‌కి పెట్టించాను. సైలెన్సర్లు అసలు స్థానంలోకి దింపితే కొనేవాళ్లు ఎక్కువుంటారు, యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూసేశారు కాబట్టి ఆ పాత సామాన్లకి విలువ. పాత బిగింపులు అటక మీద ఉన్నాయట, తెమ్మన్నాను. ఇంకా తేలేదు.