కుండీలో అంజీర్: వేర్లు కోస్తే చెట్టు చావదు (అపోహలు - వాస్తవాలు)

నా దగ్గరికి వచ్చే అంజీర్ ఫిర్యాదులు చాలావరకు ఒకేలా ఉంటాయి. "మొదట్లో బాగా కాసిందండీ. ఇప్పుడు కాయ గోళీకాయంత అయ్యి రాలిపోతోంది. ఏ మందు వేయమంటారు?" నేను మందు పేరు చెప్పను. చెట్టుని కుండీలోంచి బయటికి తీసి, వేర్ల ముద్ద ఫొటో పంపమంటాను. ఆ మాటతో సగం మంది మళ్లీ కనిపించరు. అంజీర్ వేర్లు కదిలిస్తే చెట్టు చచ్చిపోతుందని వాళ్లకి ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు. మిగతా సగం మంది ఫొటో పంపిస్తారు. అందులో మట్టి కనిపించదు, కుండీ ఆకారంలో అల్లుకుపోయిన వేర్లే కనిపిస్తాయి.

అపోహ: వేర్లు ఎంత ఇరుక్కుంటే అంజీర్ అంత బాగా కాస్తుంది, కాబట్టి వాటి జోలికి పోకూడదు

అన్నిటికంటే ఎక్కువ చెట్లని పాడుచేసిన మాట ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. నేలలో వేసిన అంజీర్‌కి వేర్లు పాకడానికి హద్దు లేకపోతే అది కొమ్మలు, ఆకులు తెగ వేస్తుంది, కాపు వెనకబడుతుంది. అందుకే కొన్నిచోట్ల గొయ్యి చుట్టూ రాతి పలకలు పెట్టి వేర్లని కట్టడి చేస్తారు. ఆ సలహాని పట్టుకొచ్చి కుండీకి తగిలించడం దగ్గరే తప్పు జరుగుతోంది. కుండీలో పెట్టిన రోజే ఆ కట్టడి అయిపోయింది. ఇక ఆపైన మీరు బిగించాల్సింది ఏమీ లేదు.

లోపల జరిగేది ఇది. నీళ్లు, పోషకాలు పీల్చేది ముదురు గోధుమరంగు లావు వేర్లు కాదు, చివర్లలో ఉండే సన్నటి తెల్ల పీచువేర్లు. కుండీ గోడ తగలగానే వేరు పక్కకి తిరిగి చుట్టూ పాకుతుంది. రెండు మూడేళ్లలో ఆ చుట్లన్నీ ముదిరి కట్టెలా అవుతాయి. ఈలోగా కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కంపోస్ట్ కుళ్లి కరిగిపోతూ ఉంటాయి. మట్టి మట్టం కిందికి దిగడం మీరూ చూసే ఉంటారు. అంటే వేర్లు పెరిగాయి, నీళ్లు నిలబెట్టుకునే పదార్థం తగ్గింది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. కాయ ఊరే సమయంలో ఇలా రోజూ ఎండి తడిసి, ఎండి తడిసి అవుతుంటే చెట్టు ముందు వదిలించుకునేది కాయల్నే.

ఇంకో చిక్కు ఉంది. వేర్ల ముద్ద ఎండి గట్టిపడ్డాక కుండీ గోడకీ దానికీ మధ్య సందు పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కింది రంధ్రంలోంచి వచ్చేస్తాయి. "నీళ్లు దిగుతున్నాయి, డ్రైనేజీ బాగుంది" అని మీరు సంతోషిస్తారు, నడిమి భాగం పొడిగానే ఉంటుంది. అనుమానం ఉంటే నీళ్లు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కుండీ ఎత్తి చూడండి. బరువులో తేడా తెలియకపోతే నీళ్లు లోపలికి వెళ్లలేదు. అప్పటికప్పుడు చేయాల్సింది కుండీని నీళ్ల టబ్బులో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచడం. కానీ అది ఆ వారానికే. అసలు వైద్యం వేర్లు కోయడమే.

ఒకాయన కాయ రాలుతోందని ఎరువు మీద ఎరువు మార్చుతూ వచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆకుల అంచులు మాడి ఉన్నాయి. పీల్చే వేర్లే లేని చోట ఎరువు పోస్తే అది ఉప్పుగా పేరుకుంటుంది, ఉన్న నాలుగు వేర్లనీ కాలుస్తుంది. రంపంతో అడుగు భాగం కోస్తుంటే ఆయన అటు తిరిగి నిలబడ్డారు. "చూడలేనండీ" అన్నారు. ఆయన్ని చూసి నవ్వలేదు. చేత్తో పెంచిన చెట్టు కదా, ఆ బాధ నాకు తెలుసు. మొగ్గ పగిలి కొత్త కొమ్మ సాగుతున్నప్పుడు ఆయనే ఫోన్ చేసి, "ఇంకో కుండీ ఉంది, దానికీ కోసేద్దామా?" అన్నారు.

మర్రి, రావి, జువ్వి జాతే అంజీర్ కూడా. ఈ కుటుంబానికి వేరు కోత తట్టుకునే శక్తి బాగా ఎక్కువ. బోన్సాయ్ చేసేవాళ్లు జువ్విని అంత సులువుగా లొంగదీసుకునేది అందుకే. కోసిన చోటి నుంచి కొత్త పీచువేర్లు గుత్తులుగా వస్తాయి, మనకి కావలసింది కూడా అవే.

ఎప్పుడు చేయాలి? చెట్టు ఆకులు రాల్చి నిద్రపోతున్నప్పుడు, కొమ్మ చివరి మొగ్గ ఉబ్బడానికి కాస్త ముందు. ఆకులు పూర్తిగా రాలని చోట చల్లటి కాలం చివర్లో. నిండా ఆకులు, కాయలు ఉన్నప్పుడు మాత్రం వద్దు. చెట్టు పెరిగే వేగాన్ని బట్టి రెండు మూడేళ్లకోసారి చాలు.

ముందు రోజు నీళ్లు ఆపితే ముద్ద తేలిగ్గా ఊడి వస్తుంది. పక్కకి పడుకోబెట్టి లాగండి. రాకపోతే పాత కత్తితో కుండీ లోపలి అంచు చుట్టూ తిప్పండి. చుట్టూ పలచగా ఒక పొర, అడుగున అంతకంటే కొంచెం ఎక్కువ మందం, రంపంతో కోసేయండి. మొత్తం మీద ముద్దలో మూడో వంతు దాటకూడదు. కాండాన్ని చుట్టుకుని ఉన్న లావు వేరు కనిపిస్తే దాన్ని తప్పకుండా తీసేయండి, లేకపోతే ముందు ముందు కాండాన్నే బిగించేస్తుంది. మిగిలిన ముద్దని ముల్లులాంటి పనిముట్టుతో పైపైన వదులు చేయండి. కొత్త మట్టి మిశ్రమం వేసి అదే కుండీలో పెట్టి, సందుల్లోకి పుల్లతో కూరండి, గాలి ఖాళీలు మిగలకూడదు. పాత మట్టి ఏ మట్టంలో ఉందో కాండం అక్కడిదాకే పూడాలి. పై కొమ్మల్లో కూడా మూడో వంతు తగ్గించండి. నిండుగా నీళ్లు పోసి కొన్నాళ్లు నీడలో ఉంచండి. కొత్త ఆకులు విచ్చుకునేదాకా ఎరువు మాటెత్తకండి.

కొమ్మ కోతలో ఒక్క జాగ్రత్త. కొన్ని రకాలు నిరుటి కొమ్మ మీద ముందు కాపు, ఈ ఏటి చిగురు మీద అసలు కాపు ఇస్తాయి. కొమ్మలన్నీ మొదలంటా కొట్టేస్తే ముందు కాపు పోతుంది. అసలు కాపుకి మాత్రం భయం లేదు.

అపోహ: పెద్ద కుండీలోకి మార్చితే వేర్లు కోయక్కర్లేదు

చుట్టుకున్న ముద్దని అలాగే తీసుకెళ్లి పెద్ద కుండీలో దించితే, చుట్టు చుట్టుగానే ఉంటుంది. ఏడాది తర్వాత తీసి చూస్తే పాత కుండీ ఆకారం లోపల అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. ఎప్పుడు మార్చినా వేర్లు విడదీసే మార్చాలి. అలాగని చిన్న మొక్కని ఒకేసారి యాభై లీటర్ల కుండీలో వేయకండి. వేర్లు చేరని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు పడుతుంది. మెల్లగా పెంచుకుంటూ పోయి నలభై, అరవై లీటర్ల మధ్య ఆగిపోతే మంచిది. అంతకు మించితే మీరు ఎత్తలేరు, ఎత్తలేని కుండీకి వేరు కోత ఎవరూ చేయరు.

అపోహ: అడుగున కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయి

దిగవు. సన్నటి మట్టి కింద ముతక పొర ఉంటే, పై మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు కిందికి జారదు. తడి పొర కంకర మీదికి జరుగుతుంది, వేర్లకి చోటు తగ్గుతుంది, అంతే. కంకర తీసేసి మిశ్రమాన్నే గుల్లగా చేసుకోండి.

అపోహ: కందిరీగ లేకపోతే కాయ రాదు

కొన్ని అంజీర్లకి పుప్పొడి మోసేది కాయలోకి దూరే ఒక చిన్న కందిరీగ. కానీ ఇళ్లలో పెంచే బ్రౌన్ టర్కీ, సెలెస్ట్ లాంటి రకాలు పరాగసంపర్కం లేకుండానే కాస్తాయి. కందిరీగ కావలసింది పరాగసంపర్కం లేనిదే కాయ నిలవని స్మిర్నా రకాలకి. మీ పండులో చచ్చిన పురుగు ఉంటుందేమో అన్న టెన్షన్ కూడా దీంతో వదిలేయండి.

అపోహ: వేర్లకి బుడిపెలు ఉంటే మంచిదే

ఇది వింటే మాత్రం నాకు చిరాకొస్తుంది. నత్రజనిని పట్టుకునే బుడిపెలు పప్పుజాతి మొక్కలవి. అంజీర్ వేర్ల మీద ఉబ్బులు కనిపిస్తే అవి మట్టిలో ఉండి వేర్లలోకి దూరే నులిపురుగుల (నెమటోడ్ల) పని. అంజీర్‌కి అవంటే పడదు. తేడా తెలుసుకోవడం తేలికే: పప్పుజాతి బుడిపె వేరుకి పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో గీరితే ఊడుతుంది. నులిపురుగు ఉబ్బు అయితే ఆ వేరు తానే లావెక్కినట్టు ఉంటుంది, ఊడదు. అలాంటి చెట్టుకి ఉబ్బిన వేర్లు కోసి, పాత మట్టి అంతా దులిపి పారేసి, కుండీ కడిగి, శుభ్రమైన మిశ్రమంలో పెట్టండి. ఆ మట్టిని ఇంకో మొక్కకి వాడారో, అది అక్కడికీ చేరుతుంది.

కుండీని నేల మీద నేరుగా పెట్టేవాళ్లకి ఒక మాట. అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగితే చెట్టు అమాంతం ఊపందుకుంటుంది, మీకు తెలియకుండానే అది కుండీ చెట్టు కాకుండా పోతుంది. ఏదో ఒక రోజు కుండీ జరుపుతారు, పటుక్కున వేరు తెగుతుంది, సాయంత్రానికి ఆకులన్నీ వాలిపోతాయి. ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, అప్పుడప్పుడు అడుగున చెయ్యి పెట్టి చూసుకోండి.

అంజీర్ పాలు చర్మానికి తగిలి ఆపై ఎండ పడితే బొబ్బలెక్కుతాయి. కొమ్మలు కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

ఇక వేర్లు కోశాక రోజుల తరబడి చలనం లేదని కంగారు పడి నాకు ఫోన్ చేసే ముందు, కొమ్మ మీద గోటితో చిన్నగా గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి, కాండం మొదలు దగ్గర గీరి చూడండి. పై కొమ్మలు పోయినా అక్కణ్ణుంచి చిగురు లేచే చెట్టిది. మట్టి పైపొర పొడిబారితేనే నీళ్లు పోయండి. ఆకుల్లేని చెట్టు తాగేది చాలా తక్కువ, ప్రేమకొద్దీ రోజూ పోస్తే కుళ్లిపోతుంది. కొత్త వేర్లు వచ్చాయో లేదో చూద్దామని మాత్రం మళ్లీ మళ్లీ పైకి లాగకండి.