గన్ను కాదు, ముందు గాలి చూడండి: ఇంటి రిపేర్లకు ఎయిర్ టూల్స్ మీద అపోహలు - వాస్తవాలు

సొంత కారు పనులు ఇంట్లోనే చేసుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మంచిదే. అయితే గ్యారేజీలో గాలితో నడిచే ఇంపాక్ట్ గన్నుతో టకటకా నట్లు ఊడదీయడం చూసి, అదే గన్ను ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనబడగానే కొనేస్తున్నారు. తర్వాత నాకు ఫోన్. "అన్నా, నట్టు కదలట్లేదు, గన్ను డూప్లికేటా?" చాలాసార్లు గన్నులో ఏ తప్పూ ఉండదు. దానికి అందాల్సిన గాలి అందదు, అంతే. అందుకే బడ్జెట్ లెక్క గాలిని నొక్కి ట్యాంకులో నింపే కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టమంటాను.

అపోహ: హెచ్‌పీ ఎక్కువుంటే కంప్రెసర్ మంచిదే.

డబ్బా మీద 3 హెచ్‌పీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని వదిలేసి మోటారుకు అంటించిన రేకు మీద వాట్లు చూడండి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. రేకు మీద 1500 వాట్లు అని ఉంటే అది 2 హెచ్‌పీ మోటారే, డబ్బా మీద ఏం రాసినా సరే.

హెచ్‌పీ కన్నా ముఖ్యమైనది ఎఫ్ఏడీ, అంటే కంప్రెసర్ నిజంగా బయటికి ఇచ్చే గాలి. దీన్ని నిమిషానికి లీటర్లలోనో సీఎఫ్ఎంలోనో (నిమిషానికి ఘనపుటడుగులు) చెబుతారు. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి దాదాపు 28 లీటర్లు. చాలా కంపెనీలు ఎఫ్ఏడీ రాయకుండా పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ రాస్తాయి. అది పిస్టన్ కదలిక కొలతను బట్టి కాగితం మీద వేసే లెక్క. చిన్న కంప్రెసర్లలో అందులో మూడింట రెండు వంతులు బయటికొస్తే గొప్ప. షాపులో "ఎఫ్ఏడీ ఎంత?" అని అడగండి. చెప్పలేకపోతే వేరే షాపు చూసుకోండి.

అపోహ: గన్ను మీద 4 సీఎఫ్ఎం అని రాసుంది కాబట్టి నా చిన్న కంప్రెసర్ సరిపోతుంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాబట్టి లెక్క కాస్త విడమరిచి చెబుతాను.

ఆ 4 సీఎఫ్ఎం సగటు లెక్క. కాసేపు నొక్కి, ఎక్కువసేపు ఆపి, మళ్లీ నొక్కుతారనే అంచనాతో వేసినది. ట్రిగ్గర్ నొక్కి ఉన్నంతసేపూ మొన అర అంగుళం ఉండే ఇంపాక్ట్ గన్ తాగే గాలి 15 సీఎఫ్ఎం పైనే ఉంటుంది, అంటే నిమిషానికి 425 లీటర్లు. ఇంటి కంప్రెసర్ ఇచ్చేది నిమిషానికి 100, 120 లీటర్లు.

మరి నట్టు ఎలా ఊడుతుంది? ట్యాంకులో దాచిన గాలితో. ప్రెషర్‌ను బార్‌లలో కొలుస్తారు. 50 లీటర్ల ట్యాంకులో ప్రెషర్ 8 బార్ నుంచి 6 బార్‌కు పడేలోపు, బార్‌కు 50 లీటర్ల చొప్పున, మనకు దొరికేది 100 లీటర్ల గాలి. గన్ను దాన్ని 14 సెకన్లలో తాగేస్తుంది. మామూలు బిగువున్న వీల్ నట్టుకు రెండు మూడు సెకన్లు చాలు. అంటే స్విఫ్ట్ లాంటి నాలుగు నట్ల చక్రం ఒకటి ఊడుతుంది. ఒక నిమిషం ఆగితే ట్యాంకు మళ్లీ నిండుతుంది, రెండో చక్రానికి వెళ్లొచ్చు. ఇంట్లో పనికి ఇది హాయిగా సరిపోతుంది. మనమేం టైర్ల షాపు నడపడం లేదు కదా.

అదే 24 లీటర్ల ట్యాంకైతే ఆరేడు సెకన్లకే చేతులెత్తేస్తుంది. రెండు నట్లకోసారి ఆగాలి. తుప్పుతో పట్టేసిన నట్టు ఎదురైతే అది ఊడేలోపే గాలి అయిపోతుంది. గన్ను కోసమే కంప్రెసర్ కొంటుంటే 50 లీటర్లకు తగ్గొద్దు.

అపోహ: ట్యాంకు పెద్దదైతే ఏ టూలైనా నడుస్తుంది.

మేడ మీద వాటర్ ట్యాంకు ఎంత పెద్దది కట్టినా బోరు పోసినన్ని నీళ్లే కదా వచ్చేది. ఇంపాక్ట్ గన్‌ది ఆగి ఆగి చేసే పని కాబట్టి ట్యాంకు ఆదుకుంటుంది. రుద్దే శాండర్, కోసే గ్రైండర్ అలా కాదు, నొక్కి పట్టి నిమిషాల తరబడి నడపాలి. ఎయిర్ శాండర్‌కు 10 సీఎఫ్ఎం పైనే కావాలి, అదీ ఆగకుండా. ఇంటి కంప్రెసర్ ఎప్పటికీ దాన్ని అందుకోలేదు. మోటారు ఆగకుండా తిరిగి కాలిపోతుంది. తుప్పు రుద్దడానికైనా కోయడానికైనా కరెంటు యాంగిల్ గ్రైండర్ కొనుక్కోండి. డబ్బూ మిగులుతుంది, పనీ అవుతుంది.

అపోహ: పైపు ఏదైనా ఒకటే.

కంప్రెసర్‌తో ఫ్రీగా ఇచ్చే ఆ నీలం రంగు స్ప్రింగు పీయూ (ప్లాస్టిక్) పైపు బయటికి 8 మిల్లీమీటర్లు, లోపల రంధ్రం 5 మిల్లీమీటర్లే. గాలి కొట్టడానికి, దుమ్ము ఊదడానికి అది చాలు. ఇంపాక్ట్ గన్‌కు మాత్రం లోపలి వ్యాసం కనీసం 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఆ రంధ్రం వైశాల్యం 5 మిల్లీమీటర్ల దానికి మూడున్నర రెట్లకు పైనే.

నమ్మకం కుదరకపోతే గన్ను తోక దగ్గర చిన్న ప్రెషర్ గేజ్ బిగించి చూడండి. ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు ముల్లు 90 పీఎస్ఐ (దాదాపు 6 బార్) దగ్గర నిలకడగా ఉంటుంది. నొక్కగానే, సన్న పైపు ఉంటే, దబ్బున కిందికి పడుతుంది. గన్ను మీద రాసిన బలమంతా అది తిరుగుతున్నప్పుడు దాని దగ్గర 90 పీఎస్ఐ ఉంటేనే. పైపును గన్నుకు తగిలించే కప్లర్లు చవకవై రంధ్రం సన్నగా ఉన్నా ఇదే తిప్పలు. నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే కొనుగోలు ఒక మంచి రబ్బరు పైపే.

గాలి చాలట్లేదని ప్రెషర్ స్విచ్ తిప్పి 10 బార్‌కు పెంచేవాళ్లున్నారు. ప్రెషర్ హద్దు మీరితే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వ్ కారుతోందని దానికి బోల్టు బిగించినవాళ్లనూ చూశాను. ఇది ట్యాంకుతో కాదు, ప్రాణాలతో ఆట. షెడ్డులో గాలి లైనుకు ప్లంబింగ్ పీవీసీ పైపు వేయడం కూడా అంతే. అది పగిలితే చీలికలు కత్తుల్లా ఎగురుతాయి.

అపోహ: ఎక్కువ న్యూటన్ మీటర్లున్న గన్నే కొనాలి.

న్యూటన్ మీటర్ అంటే తిప్పే బలానికి కొలత. చిన్న కార్ల వీల్ నట్ల బిగింపు చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో దొరుకుతుంది. పంచర్ షాపు కుర్రాడు పైపు తొడిగి ఎక్కి తొక్కినా, తుప్పు పట్టినా ఊడదీయడానికి దానికి రెండు మూడు రెట్లు కావాలి. ఆపైన యాక్సిల్ నట్టు, సస్పెన్షన్ బోల్టులు. లోపల దెబ్బ కొట్టే సుత్తులు రెండుండే (ట్విన్ హ్యామర్) ఒక మోస్తరు గన్ను వీటన్నిటికీ చాలు. డబ్బా మీద 1000, 1200 అని ఉండే అంకె రివర్స్‌లో, నిండుగా గాలి అందినప్పుడు వచ్చే గరిష్ఠం. మీ కంప్రెసర్‌తో ఎలాగూ రాదు. దానికి డబ్బు పోయకండి.

అపోహ: బిగించడానికి కూడా గన్నే బెస్ట్.

వద్దు బాబోయ్. ముందు చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి మర ఎక్కించాలి, తర్వాత పానాతో ఎదురెదురు నట్లు బిగించాలి, చివర ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్. గన్నుతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కి స్టడ్డు పోతుంది. నట్లు తలా ఒక బిగువులో ఉంటే డిస్కు సరిగా కూర్చోక, కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికే అవకాశం ఉంది. ఎయిర్ గన్ కొని టార్క్ రెంచ్ కొననంటే నేను ఒప్పుకోను. ఒకటే కొనే డబ్బుంటే టార్క్ రెంచ్ కొనండి, ఊడదీయడానికి పొడుగు రాడ్డు ఎటూ ఉంది.

అపోహ: ఇంట్లో ఉన్న సాకెట్లే గన్నుకు వాడొచ్చు.

సాకెట్లంటే నట్టు మీద తొడిగే గిన్నెలు. మెరిసే క్రోమ్‌వి చేతి పానాలకు. గన్ను దెబ్బలకు అవి పగిలి ముక్కలు కంట్లోకి వస్తాయి. నల్లగా, గోడ మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. పెద్ద సెట్టు అక్కర్లేదు. 17, 19, 21 సైజులు, మీ కారు యాక్సిల్ నట్టు సైజు ఒకటి, విడిగా కొనుక్కోండి. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు కూడా.

అపోహ: ఎయిర్ రాట్చెట్ ఉంటే గట్టి బోల్టులూ ఊడతాయి.

ఊడవు. గాలితో తిరిగే ఈ సన్నటి పానా వేగం కోసమే, బలం కోసం కాదు. ముందు చేత్తో వదులు చేశాకే దాని పని. ఇరుకులో తిరగబడితే వేళ్ల కణుపులు చితుకుతాయి. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దు.

అపోహ: నూనె ఏదైనా పర్లేదు.

పని మొదలుపెట్టే ముందు గాలి లోపలికొచ్చే చోట ఎయిర్ టూల్ ఆయిల్ నాలుగైదు చుక్కలు. ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉండి లోపలి రెక్కలను అంటుకుపోయేలా చేస్తుంది. పని అయ్యాక ట్యాంకు కింద వాల్వ్ తిప్పి నీళ్లు వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో, వానాకాలంలో ఎన్ని నీళ్లొస్తాయో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. అవి లోపలే ఉంటే ట్యాంకు లోపలినుంచి తుప్పు తింటుంది.

అపోహ: బ్యాటరీ గన్నులు బొమ్మలు.

ఇది పాతమాట. బ్రష్‌లెస్ మోటారున్న 18 వోల్టుల మంచి గన్ను కారు వీల్ నట్లను అవలీలగా ఊడదీస్తుంది. పైపు లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో కంప్రెసర్ మోతకు వాచ్‌మన్ పరిగెత్తుకు రావడమూ లేదు. మీ పని చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ వరకే అయితే నా ఓటు దీనికే. టైర్లలో గాలి, దుమ్ము ఊదడం, అప్పుడప్పుడు చిన్న పెయింటింగ్ కూడా ఉంటే కంప్రెసర్ కొనండి. ఒక జాగ్రత్త. డబ్బా మీద 48, 88 వోల్టులు అని కనబడితే నమ్మకండి. ఆ సైజు ప్యాకుల్లో మామూలుగా వరుసగా ఉండేవి ఐదు లిథియం సెల్సే. అవి 18 వోల్టులు, ఫుల్ చార్జింగ్‌లో 21.

అపోహ: పొడుగు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఎక్కడైనా నడుపుకోవచ్చు.

సన్న వైరులో వోల్టేజీ పడిపోతే మోటారు గుర్రుమని మూలుగుతుంది గానీ తిరగదు. కంప్రెసర్‌ను 16 ఆంపియర్ల ప్లగ్గు దగ్గరే పెట్టి గాలి పైపును పొడిగించండి. మోటారు ఆగినప్పుడు టస్సుమని చిన్న శబ్దం రావాలి. కంప్రెసర్ తలకాయ మీద ప్రెషర్‌ను ఒక చిన్న వాల్వ్ వదిలే చప్పుడది. అది రాకపోతే మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు మోటారు మీద మోయలేని బరువు పడుతుంది. ఆ వాల్వ్ మార్పించండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ కొంటే మునిగినట్టే.

చూసి కొంటే బడ్జెట్‌కు అంతకన్నా మంచి దారి లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే పాత బెల్టు కంప్రెసర్లు చూపిస్తారు. నెమ్మదిగా తిరిగే బెల్టు మోడల్, బెల్టు లేకుండా మోటారు నేరుగా తిప్పే చిన్న డైరెక్ట్ మోడల్ కన్నా ఎక్కువ కాలం వస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్లండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి ఆన్ చేయమనండి. 100 లీటర్ల ట్యాంకు 8 బార్‌కు నిండిందంటే అందులోకి వెళ్లింది 800 లీటర్ల గాలి. దానికి 4 నిమిషాలు పడితే నిమిషానికి 200 లీటర్లు, అంటే 7 సీఎఫ్ఎం. షాపువాడి మాటతో పనిలేకుండా ఎఫ్ఏడీ మీ చేతికొచ్చింది. తర్వాత కింద వాల్వ్ తిప్పించండి. ఎర్రటి తుప్పు నీళ్లు ధారగా వచ్చినా, ట్యాంకు మీద ఎక్కడైనా అతుకు వెల్డింగ్ కనబడినా, రేటు సగానికి తగ్గించినా సరే, తీసుకోవద్దు.