వాటర్ కూలింగ్‌లో నీటి సుడులు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో కంప్యూటర్లు బిగించడం నా పని. వాటర్ కూలింగ్ అంటే, పంపు తిప్పే నీళ్లు గొట్టాల్లో పోతూ ప్రాసెసర్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్తాయి, అక్కడ ఫ్యాను గాలికి చల్లారతాయి. ఎండలు ముదిరితే చాలు, "అన్నా, పంపు ఫుల్ స్పీడులో పెట్టు, నీళ్లు సుడులు తిరిగితేనే ప్రాసెసర్ చల్లబడుద్ది" అంటూ కుర్రాళ్లు వస్తారు.

అపోహ: పంపు జోరు పెంచితేనే గొట్టంలో నీళ్లు సుడులు తిరుగుతాయి.

వాస్తవం: అవి ముందునుంచీ తిరుగుతూనే ఉన్నాయి. కుళాయి సన్నగా వదలండి, ధార గాజుపుల్లలా నిలబడుతుంది. ఇంకాస్త తిప్పితే చెదిరి తెల్లబడుతుంది. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త గాజు గొట్టంలోకి రంగు వదిలి ఈ తేడానే చూపించాడు. నీటి వేగం, గొట్టం వెడల్పు, నీటి చిక్కదనం బట్టి లెక్కగట్టే సంఖ్యకు ఆయన పేరే పెట్టారు. ఈ రేనాల్డ్స్ సంఖ్య సుమారు 2,300 లోపుంటే నీరు పొరలుగా సాగుతుంది, 4,000 దాటితే సుడులే. 10 మిల్లీమీటర్ల గొట్టంలో 40 డిగ్రీల నీళ్లు నిమిషానికి 4 లీటర్లు పోతే అది 12,000 పైమాటే. పంపును సగానికి తగ్గించినా 6,000 దాటుతుంది.

అపోహ: సుడులు లేనిదే వేడి లాగదు.

వాస్తవం: ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకు విప్పితే లోపల పేలదువ్వెన పళ్లకన్నా సన్నటి రెక్కలుంటాయి. వాటి సందు మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో. అంత ఇరుకులో నీరు పొరలుగానే సాగుతుంది. అయినా చుట్టూ రాగే కాబట్టి, వేడి నీళ్లలోకి దిగడానికి వెంట్రుకవాసి దూరం చాలు. 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో టకర్‌మన్, పీస్ అనే పరిశోధకులు చిప్పులు తయారయ్యే సిలికాన్‌లోనే ఇలాంటి కాలువలు చెక్కి ఈ పద్ధతి సత్తా చూపించారు.

అందుకే ఆ సందులు పూడటమే నాకు భయం. బోరు నీళ్లు పోసిన బ్లాకు ఒకటి విప్పాను. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టినట్టు తెల్లటి పొర, గోటితో గీకినా రాలేదు. దయచేసి డిస్టిల్డ్ వాటరే పోయండి. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జతచేయకండి, అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

అపోహ: నీళ్లు మెల్లగా పోతే రేడియేటర్‌లో బాగా చల్లారతాయి.

వాస్తవం: మెల్లగా పోయే నీళ్లు బ్లాకులోనూ అంతసేపే ఉండి, అంత ఎక్కువ వేడెక్కుతాయి. నిమిషానికి 4 లీటర్లు పోతుంటే 200 వాట్ల వేడికి నీళ్లు ఒక్క డిగ్రీ కూడా పెరగవు.

అపోహ: నీళ్లుంటే గదికన్నా చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఉండదు. రోహిణి కార్తెలో గది 38 డిగ్రీలుంటే నీళ్లు ఆ పైనే. వేడిని చివరికి మోసుకుపోయేది గాలే.

చీమకుర్తి నుంచి, గ్రానైట్ కోసే చోట వాడే సిస్టమ్ ఒకటి వచ్చింది. పంపు ఫుల్ స్పీడులోనే ఉంది, వేడి మాత్రం తగ్గట్లేదు. ఫ్యాను విప్పితే రేడియేటర్ రెక్కల నిండా రాతిపొడి, గోడకు సున్నం కొట్టినట్టు. బ్లోయర్‌తో ఊది, పంపును సగానికి తగ్గించి ఇచ్చాను. మళ్లీ వేడి మాట ఎత్తలేదు.